మడత విప్పని గౌను

తోడికోళ్ళిద్దరూ చేసి అమ్మకానికి పెట్టిన వేరుశనగ పట్టీల సీసాను పుస్తకాల కొట్టాయన వెనక్కి పంపడం దగ్గర మనం ఆగాం. "పిల్లలు కొరికి ఉమ్మేస్తున్నారమ్మా, ఏమనుకోవద్దు" అని కబురు కూడా పెట్టాడు. పెద్దకోడలు ఆ సీసా మూత తీసి, ఒక ముక్క పుటుక్కున విరిచి, అందరి ముందూ నింపాదిగా నమిలి, "బాగానే ఉందిగా! ఆయన నోటికే ఏదో రోగం" అని తేల్చేసింది. అదే సీసాలోంచి చిన్నకోడలు ఇంకో ముక్క తీసుకుంది. మాడిన పంచదార చేదు నాలుక మీంచి గొంతులోకి జారింది. మింగలేక, ఉమ్మలేక, ముక్కను బుగ్గన పెట్టుకుని తోడికోడలి మొహంలోకి చూసింది. ఆ మొహంలో అబద్ధం లేదు. ఆమెను భయపెట్టింది అదే.

ఇంకో సంగతి కూడా మరిచిపోకూడదు. అది ఆ ఇంట్లో చిన్నకోడలికి తప్ప రెండో మనిషికి తెలియదు.

పెద్దకోడలి మంచం కింద, గట్టిగా మూత పడే రేకు డబ్బా ఒకటుంది. అందులో, పదకొండేళ్ళ కిందట ఆరేళ్ళ వయసులో జ్వరంతో పోయిన ఆమె కూతురి గౌను ఉంది. ఆ పిల్లను ఇంటిల్లిపాదీ పిచ్చుక అనేవాళ్ళు. వంటింటి గడప మీద కూర్చుని, పట్టీ విరిచినప్పుడు రాలిన పొడిని వేలితో అద్దుకుని తినేది కాబట్టి ఆ పేరు. చివరిసారి వేసుకున్న పసుప్పచ్చ గౌనును తల్లి ఉతకనివ్వలేదు. వేయించిన గింజల పొట్టు నలపడానికి వాడే మెత్తటి తెల్లగుడ్డలో చుట్టి, డబ్బాలో దాచింది. మడత విప్పితే వాసన పోతుందని ఏనాడూ విప్పలేదు. పొద్దున లేవగానే మూత తీసి, గుడ్డ అంచు కాస్త తొలగించి, మొహం ఆనించి, ఒక్కసారి ఊపిరి పీల్చి మూత పెట్టేస్తుంది. అంతే. ఆ తర్వాతే ఆమెకు తెల్లవారుతుంది.

అయిదు నెలల కిందట ఇంటికి రంగులు వేస్తుంటే గదుల్లో సామానంతా వసారాలోకి చేరింది. ఆ గందరగోళంలో డబ్బా మూత ఊడింది, గుడ్డచుట్ట బయటపడింది. నెలకోసారి గింజల గుడ్డలన్నీ వేణ్ణీళ్ళలో వేసి ఉడికించడం చిన్నకోడలి పని. కనబడ్డ తెల్లగుడ్డనల్లా పోగు చేసి, చుట్టలా ఉన్నదాన్ని కూడా చూసుకోకుండా, సబ్బునీళ్ళు మరుగుతున్న గిన్నెలో వేసేసింది. నీళ్ళ మీదికి పసుప్పచ్చ రంగు తేలినప్పుడు గానీ తను ఏం చేసిందో తెలియలేదు. గౌను జేబులో ఒక పట్టీ ముక్క ఉండేది, పిచ్చుక దాచుకున్నది. పదకొండేళ్ళుగా బట్టకు అతుక్కుని ఉన్న ఆ ముక్క కూడా వేణ్ణీళ్ళలో కరిగిపోయింది.

ఎవరికీ కనబడకుండా ఆరబెట్టింది. అదే మడత పెట్టింది. అదే గుడ్డలో చుట్టి, డబ్బాలో పెట్టి, మూత నొక్కింది. మర్నాడు ఇల్లు ఎగిరిపోయేలా కేక వినిపిస్తుందని ఊపిరి బిగబట్టుకుని కూర్చుంది. వినిపించలేదు. ఆ మర్నాడూ లేదు. అక్కకు తెలియదా, తెలిసే ఊరుకుందా? అయిదు నెలలుగా ఇదే ప్రశ్న వేసుకుంటోంది.

*

సీసా తిరిగొచ్చిన మర్నాడు పొద్దున్నే పెద్దకోడలు నడుం బిగించింది.

"ఈ పూట కొత్త వాయ చేసి ఆ కొట్టాయన బల్ల మీద పెట్టకపోతే నన్నడుగు. నువ్వు పెరట్లో కూర్చుని గింజలు నలుపు, అమ్మాయ్. నేనీలోపు పాలు కాచేస్తాను."

ముందుగదిలో, కంటికి భూతద్దం తగిలించుకుని ఎవరిదో చేతిగడియారం విప్పుతున్న బావగారు తల ఎత్తకుండానే అన్నాడు. "ఈసారి కాస్త తియ్యగా చెయ్యవే. నిన్నటివి నేను మూడు తిన్నాను. పెళ్ళాం చేసిందని తిన్నాను."

"మీరు తినేది పెళ్ళాం మీద ప్రేమతో కాదు, పని తప్పించుకోడానికి. నోట్లో ఏదో ఒకటుంటే పిలిచినా పలకక్కర్లేదుగా!"

చిన్నకోడలు నవ్వింది. నవ్వుతూనే బుగ్గన ఇంకా నిన్నటి చేదు ఉన్నట్టనిపించి, వేయించిన వేరుశనగ గింజల పళ్ళెం తీసుకుని పెరట్లోకి వెళ్ళింది. గోరువెచ్చని గింజల్ని గుడ్డలో పోసి, మూట కట్టి, రెండు చేతులతో నేల మీద దొర్లించింది. విప్పి ఊదితే ఎర్రటి పొట్టు లేచి గాల్లో తిరిగి చెంపకు అంటుకుంది. గుడ్డలో నున్నటి గింజలు మిగిలాయి. ఆ గుడ్డ ముట్టుకున్నప్పుడల్లా ఆమె వేళ్ళకు వేణ్ణీళ్ళు గుర్తొస్తాయి.

పళ్ళెం పట్టుకుని వంటింటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోయింది. గుప్పుమని కొట్టింది గ్యాసు. కళ్ళు మండేంత.

లోపల, పొయ్యి ముందు పెద్దకోడలు నిలబడి ఉంది. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. తడిసిన పొయ్యి మీద తెల్లటి చార. మీట తిప్పింది తిప్పినట్టే ఉంది. గ్యాసు సన్నగా బుసకొడుతోంది. పెద్దకోడలు తనలో తాను ఏదో గొణుక్కుంటూ అగ్గిపెట్టె తెరిచి ఒక పుల్ల తీసింది.

"అక్కా! గీకకు!"

పళ్ళెం ఎటు విసిరిందో తెలియదు. గింజలు గది నిండా దొర్లాయి. ఆమె చేతిలోంచి అగ్గిపెట్టె లాక్కుని, మీట కట్టేసి, కిటికీ రెక్కలు బార్లా తోసి, తోడికోడలిని రెక్క పట్టుకుని పెరట్లోకి ఈడ్చుకొచ్చింది.

"ఏమైందే నీకు? పిచ్చి పట్టిందా? నలిపిన గింజలన్నీ నేలపాలు చేశావు!"

"గ్యాసక్కా! ఇల్లంతా గ్యాసు!"

"ఏదీ?"

ఆ ఒక్క మాట అని, పెద్దకోడలు నాలిక కరుచుకుంది. సరిగ్గా అప్పుడే ముందుగదిలోంచి బావగారి గొంతు వినిపించింది. "ఏంటే ఆ కంపు? ఇక్కడిదాకా కొడుతోంది! పొయ్యి కట్టారా లేదా?"

మూడు గదుల అవతల కూర్చున్న మనిషికి తెలిసింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

"కట్టేశాం బావగారూ! పాలు పొంగాయి, అంతే. మీరు కాసేపు వీధిలోకి వెళ్ళండి" అని గట్టిగా చెప్పి, చిన్నకోడలు గొంతు తగ్గించింది. "నీకు వాసన తెలియలేదు కదూ?"

పెద్దకోడలు బట్టలుతికే బండ మీద చతికిలబడింది. పిడికిట్లో అగ్గిపుల్ల ఇంకా అలాగే ఉంది. దాన్ని రెండుగా విరిచింది. ఆ రెండు ముక్కల్ని మళ్ళీ విరిచింది.

"వానాకాలంలో జలుబు చేసి వారం రోజులు పడుకున్నాను చూడు. జలుబు పోయింది. పోతూ పోతూ దాన్నీ పట్టుకుపోయింది."

"ఎనిమిది నెలలా!"

"నాలుక కూడా మొద్దుబారింది. ఉప్పు, తీపి ఎక్కడో దూరంగా తెలుస్తాయి, పక్కింట్లో ఎవరో తింటున్నట్టు."

"డాక్టరుకు చూపించుకోవాలి కదక్కా!"

"చూపించుకున్నా. కూరగాయలకి వెళ్తున్నానని చెప్పి రెండు గంటలు రాలేదే, నువ్వు బెంగపడ్డావు కూడా, ఆ రోజే. వస్తే రావచ్చు, లేకపోతే లేదన్నాడు. వచ్చేట్టయితే ముందు ఘాటైనవీ మాడినవీ తెలుస్తాయట. ఆయన రోజుకు నలభైమందిని చూస్తాడు. నా ముక్కు గురించి అంతకంటే ఏం చెప్తాడు?"

"మరి ఇన్నాళ్ళూ పాకం ఎలా దించావు?"

ఈ ప్రశ్న ఎందుకు వేసిందో ఆ వంటిల్లు చూసినవాళ్ళకే తెలుస్తుంది. వాళ్ళు పాకం పట్టే ఇనప మూకుడు అత్తగారి నాటిది. నల్లగా బొగ్గులా ఉంటుంది. అందులో పాకం రంగు తిరిగిందో లేదో చూసి చెప్పడం ఎవరి తరమూ కాదు. పెద్దకోడలు ఏనాడూ మూకుడులోకి చూసేది కాదు. కలుపుతున్నంతసేపూ కలిపి, పాకం చిక్కబడగానే గరిటె పక్కన పెట్టి, పొయ్యికి వీపు తిప్పి కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడేది. ఉన్నట్టుండి "దించు!" అనేది. ఆ క్షణాన దించి గింజలు పోస్తే పట్టీ అద్దంలా విరిగేది. అత్తగారికి కూడా రాని విద్య అది.

"లెక్కపెట్టాను" అంది పెద్దకోడలు. "వీపు తిప్పుకుని నూట నలభై లెక్కపెట్టేదాన్ని. పాత పొయ్యి మీద బాగానే కుదిరింది. నీకే తెలియలేదంటే చూడు ఎంత బాగా కుదిరిందో. పోయిన నెల ఈ మాయదారి కొత్త పొయ్యి వచ్చింది. దీని మంట పెద్దది. నా లెక్క తప్పింది."

"నాకెందుకు చెప్పలేదక్కా?"

"చెప్తే జాలి పడతావు. నీ జాలి నేను పడలేను తల్లీ, అటక ఎక్కుతూ నిచ్చెన మీంచి జారి పడ్డప్పుడు చూశాగా, నెల రోజులు నన్ను గ్లాసు కూడా ఎత్తనివ్వలేదు." నవ్వబోయింది. పెదవి వంకరపోయింది తప్ప నవ్వు రాలేదు. "అయినా పట్టీలు చెడ్డాయనా నా ఏడుపు? పోతే పోయాయి, ఇంకొకరు చేసుకుంటారు."

లేచి లోపలికి వెళ్ళింది. తిరిగి వచ్చేటప్పుడు ఆమె చేతుల్లో రేకు డబ్బా ఉంది.

అదే బండ మీద, ఇందాక తోడికోడలు లేచిన చోటే చిన్నకోడలు కూర్చుండిపోయింది.

"రోజూ తీస్తాను. రోజూ మొహం పెడతాను. గుడ్డ మెత్తగా తగులుతుంది, అంతే. గోడకి మొహం ఆనించినట్టుంటుంది." పెద్దకోడలు ఆమె ఎదురుగా నేల మీద కూర్చుని, డబ్బా ఒళ్ళో పెట్టుకుంది. "మొదట్లో నా ముక్కుదే తప్పనుకున్నా. తర్వాత వేరే భయం పట్టుకుంది. పోయింది నా ముక్కేనా? లేక లోపల వాసనే పోయిందా? పదకొండేళ్ళయింది. ఎన్నాళ్ళని ఉంటుంది? ఒకవేళ అది కూడా పోతే, మళ్ళీ నాకు ముక్కు వచ్చినా ఎందుకు చెప్పు? ఎవరినైనా అడుగుదామంటే, ఆయన ఈ డబ్బా చూస్తేనే గదిలోంచి లేచి వెళ్ళిపోతాడు. నువ్వు… నువ్వూ దాన్ని ఎత్తుకు తిప్పినదానివే. నిన్నెలా అడగను? ఈవేళ ఎలాగూ పట్టుబడిపోయాను కాబట్టి అడుగుతున్నా."

మూత తీసింది. రేకు చప్పుడు.

"నాకు తెలియకపోయినా పర్లేదు. ఉందో లేదో, అదొక్కటి చెప్పు."

చిన్నకోడలు డబ్బా అందుకుంది. ఆమె ఆ ఇంటికి వచ్చిన నాటికి పిచ్చుకకు రెండేళ్ళు. 'పిన్నీ' అన్న పిలుపు ఆమె మొదట విన్నది ఆ నోటి నుంచే. తర్వాత ఆమెకు పిల్లలు కలగలేదు. పిల్ల పోయినప్పుడు వచ్చినవాళ్ళందరూ పెద్దకోడలిని పట్టుకుని ఏడ్చారు. అది న్యాయమే, తల్లి ఆమే కదా. చిన్నకోడలు అందరికీ టీ కాచి ఇస్తూ వంటింట్లోనే ఉండిపోయింది. తనక్కూడా ఒక వాసన పోయిందని ఎవరికీ చెప్పుకునే వీలు ఆనాడూ లేదు, ఈనాడూ లేదు. ఆ మిగిలిన కాస్తనూ తన చేత్తోనే ఉడికించేసింది.

గుడ్డ అంచు తొలగించి మొహం వంచింది.

రేకు. కాస్త తుప్పు. ఎక్కడో అడుగున సబ్బు.

ఇప్పుడు చెప్పేయాలి. ఇంతకు మించిన సమయం రాదు. తల ఎత్తింది. ఎదురుగా పెద్దకోడలు, పరీక్ష ఫలితం కోసం నిలబడ్డ పిల్లలా, రెండు చేతులూ మోకాళ్ళ మధ్య ఇరికించుకుని చూస్తోంది.

"ఉందక్కా" అంది చిన్నకోడలు.

"నిజంగా?"

"నిజంగా."

"ఎలా ఉంది? చెప్పు. ఏదీ వదలకుండా చెప్పు."

చిన్నకోడలు మళ్ళీ మొహం గుడ్డలో దాచుకుంది, చూపు తప్పించడానికి. "తలనూనె… నువ్వు రాసేదానివే, అది. మెడ దగ్గర చెమట, కొంచెం పుల్లగా. పలక తుడిచిన సుద్ద."

"ఎండలో ఆడుకుని వచ్చి నా ఒళ్ళో పడేది చూడు, అప్పటి…"

"అదే. వేడి దుమ్ము. పాలు కూడా, కిందికి ఒలకబోసుకునేదిగా."

పెద్దకోడలు కళ్ళు మూసుకుంది. ఆమె ముక్కుపుటాలు కదులుతున్నాయి, వింటున్న మాటల్నే పీలుస్తున్నట్టు. "జేబులో పట్టీ ముక్క ఉంటుంది. దాని తీపి తెలుస్తోందా?"

చిన్నకోడలు గుడ్డలోకి ఊపిరి వదిలింది. "తెలుస్తోంది."

"అమ్మయ్య." పెద్దకోడలు చాలా మెల్లగా అంది. "అయితే పోయింది నా ముక్కొక్కటేనన్నమాట. పోనీ. నేనింకా, పిల్ల మళ్ళీ పోయిందేమో, ఈసారి నాతో చెప్పకుండా పోయిందేమో అనుకున్నా." డబ్బా తీసుకుని మూత నొక్కింది. "ఇక రోజూ నువ్వే రా. పొద్దున్నే చూసి నాకు చెప్పు. ఒక్క నిమిషం. అడ్డు చెప్పకు."

"అక్కా, నేనొకటి…"

"ఏడవకు. నువ్వేడిస్తే నేనూ మొదలెడతా, ఆ తర్వాత ఈ వాయ దేవుడు కూడా చెయ్యలేడు. ముక్కు తుడుచుకుని లే. నా చేతులు, నీ ముక్కు. చేద్దాం పద."

*

గ్యాసు వాసన పూర్తిగా పోయేదాకా ఆగారు. కింద పడిన గింజలు చెత్తబుట్టలోకి పోయాయి. కొత్తగా మరో గిన్నెడు వేయించి, నలిపి, ఊది సిద్ధం చేసుకున్నారు. చెక్కపలకకు వెన్న రాశారు. పెద్దకోడలు డబ్బాను వెనక్కి తీసుకెళ్ళలేదు. అలమర మీది అరలో, తనకు కనిపించేలా పెట్టుకుంది. ఆమె మొహం ఎన్నాళ్ళకో తేటగా ఉంది. ఆ తేటదనం చూడలేక చిన్నకోడలు రాసిన పలకకే మళ్ళీ వెన్న రాసింది.

మూకుడులో పంచదార కరిగింది. గరిటె తిరుగుతూనే ఉంది.

"విను. ముందు ఏ వాసనా ఉండదు, వేడినీళ్ళే. తర్వాత తీపి తేలుతుంది. ఆ తర్వాత పాల మీగడలా ఒక కమ్మదనం. దానికి మోసపోకు. ఇంకాసేపటికి గింజ పొట్టు వేగినట్టు ఒక్కసారిగా వస్తుంది, అప్పుడు దించాలి. అది దాటాక అయిదు లెక్కపెట్టేలోపు మాడిపోతుంది. తెలిసిందా?"

"తెలిసింది."

పెద్దకోడలు గరిటె ఆమె చేతికిచ్చి, అలవాటు చొప్పున పొయ్యికి వీపు తిప్పి, కిటికీ దగ్గర నిలబడింది. "ఇప్పుడేంటి?"

"తీపి."

నిజానికి చిన్నకోడలికి ఏమీ తెలియడం లేదు. ఏడుపంతా ముక్కులోకి దిగి, రెండు రంధ్రాలూ బిగిసిపోయి ఉన్నాయి. గట్టిగా ఎగపీల్చింది. లాభం లేదు. ఈ మాట చెప్తే అక్క 'ఎందుకింత ఏడ్చావు' అని అడుగుతుంది. అడిగితే చెప్పకుండా ఉండడం తనవల్ల కాదు.

"ఇప్పుడు?"

"ఇంకా… మీగడలా."

మూకుడు నల్లగా, పాకం నల్లగా. బుడగలు పెద్దవై, చిన్నవై, మళ్ళీ పెద్దవయ్యాయి. రేపు పొద్దున కూడా ఇలాగే చెప్పాలి, తలనూనె, సుద్ద, పాలు. ఎల్లుండి కూడా. బతికినన్నాళ్ళూ. కళ్ళలో నీళ్ళు అడ్డం వచ్చి మూకుడు అంచు కూడా కనిపించలేదు.

కిటికీ దగ్గర పెద్దకోడలి వీపు నిటారుగా అయింది.

"అమ్మాయ్."

"ఆఁ?"

"మాడుతోంది."

చిన్నకోడలు కళ్ళు తుడుచుకుని చూసింది. మూకుడు మీంచి సన్నటి పొగ. గబుక్కున రెండు మసిగుడ్డలతో మూకుడు చెవులు పట్టుకుని పైకెత్తింది. అప్పుడు తట్టింది ఆమెకు. అక్క ఇంకా కిటికీలోంచి బయటికే చూస్తోంది. పొగ చూడలేదు. ఇటు తిరగనే లేదు.

పెద్దకోడలు నెమ్మదిగా తిరిగింది. ముక్కుపుటాలు అదురుతున్నాయి. నోరు తెరిచి ఉంది. "మాడిందే! చేదుగా… గొంతు వెనక… మాడిన వాసనే!" ఉన్నట్టుండి గొంతెత్తింది. "ఏమండీ! మాడిందండీ! నాకు తెలిసింది!"

"మళ్ళీనా!" వీధిలోంచి బావగారు కేక వేశాడు. "మాడితే అంత సంబరమేంటే?"

ఆమె వినిపించుకోలేదు. నవ్వుతోంది, చెంపల మీద నీళ్ళు కారుతున్నాయి. చేతులు తువ్వాలుకు తుడుచుకుంది, ఒక్కొక్క వేలూ విడివిడిగా, శుభ్రంగా. తర్వాత తల ఎత్తి అలమర వైపు చూసింది.

"ఆ డబ్బా ఇలా అందివ్వు. వద్దులే, నీ చేతులు ఖాళీ లేవు. నేనే తీసుకుంటా."

చిన్నకోడలి రెండు చేతుల్లోనూ సలసల కాగే పాకం. వెనక మండుతున్న పొయ్యి, ముందు గింజల పలక, దించడానికి చోటు లేదు.

"అక్కా, ఆగు" అంది. "అది తియ్యకు. నా మాట విను, ముందు నా మాట విను…"

"నువ్వు చెప్పింది విన్నానుగా. ఇప్పుడు నేను చూసుకుంటా" అంటూ పెద్దకోడలు డబ్బాను గుండెకు ఆనించుకుని, బొటనవేలు మూత కిందికి దూర్చింది.

రేకు చప్పుడయింది.